పాత కోర్టు వరండాకు అద్దాలు ఎందుకు వద్దంటే

మొన్న సురేష్ ఫోన్ చేశాడు. నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న కుర్ర ఇంజినీరు. వడ్డాది వాడు, మంచివాడు. ఫైలు చదివాకే సంతకం పెట్టే అలవాటు ఇంకా పోలేదు.

"సార్, మన చోడవరం పాత కోర్టుని హెరిటేజ్ బిల్డింగ్ చేస్తన్నారండి. వరండా అంతా అద్దాలు బిగించమంటన్నారు. దుమ్ము పడకుండా, పావురాలు దూరకుండా. లోపల ఏసీ కూడా. ఎస్టిమేట్ నన్నే వెయ్యమన్నారండి. ఆ బిల్డింగు మీద మీరు చాలా పని చేసేరట కదా. ఏటి రాయమంటారు?"

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మా రోజుల్లో ఆ వరండాకు అద్దాలు పెట్టినప్పుడు, భవనం పాతబడిపోయింది కాబట్టి కొత్తగా కనపడాలన్నారు. ఇప్పుడు భవనం పాతది కాబట్టి భద్రంగా దాచాలంటున్నారు. కారణం తిరగబడింది గానీ అద్దాలు మాత్రం అవే.

ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. ఇది సురేష్ కోసమే మొదలుపెట్టినా, సర్కారు భవనాల మరమ్మతుల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరు చదివినా నష్టం లేదు. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, సన్మానంలో శాలువా ఎవరు కప్పారో ఇందులో ఉండదు. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లో కుట్టుమిషను మీద కప్పి ఉంది.

అసలు ఉద్యోగం ఏమిటంటే

ఇంజినీరు అంటే కట్టేవాడని పెళ్లిచూపుల్లో చెప్పుకుంటారు. నేను సర్వీసంతా కలిపి కట్టింది చాలా తక్కువ. ఎక్కువ కాలం చేసింది సున్నం వేయించడం. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే ఆ కబురు ఆయన ఇంట్లో వాళ్లకంటే ముందు మాకు తెలిసేది. ఆయన కారు దిగే చోటు నుంచి కూర్చునే చోటు దాకా కంటికి ఆనే గోడలన్నీ తెల్లబడేవి. వెనక గోడ నాచుపట్టి అలాగే ఉండేది.

ఏ ఆఫీసరు ఎంత దూరం నడుస్తాడో తెలియడమే మా విద్య. మోకాళ్ల నొప్పులున్న ఆయన వస్తే మేడ మీద సున్నం అక్కర్లేదు. ఒకసారి ఒకాయన ఎవరికీ చెప్పకుండా లఘుశంకకు భవనం వెనక్కి వెళ్లాడు. ఆ నాచు గోడ చూసి మా ఆఫీసులో అందరికీ మెమోలిచ్చాడు. మరుసటి ఏడాది నుంచి ఆ వెనక గోడకూ సున్నం పడింది, ఆ మూల వరకే.

ఇలా వేసిన సున్నం తప్పు కాదు. దాని కిందున్న పగులు ఎవరూ చూడకపోవడం తప్పు. మా ఉద్యోగంలో పగులు బాగుచేసినవాడిని ఎవరూ గుర్తు పెట్టుకోరు, కనపడకుండా చేసినవాడికి మంచి పేరు వస్తుంది. ఇది మీకు ట్రైనింగులో చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఆ కోర్టు చరిత్ర, దొరికినంత

చోడవరం పాత కోర్టు మంచి భవనం, వాయిదాలు ఇప్పటికీ అందులోనే. చెయ్యి చాపినా అవతలి అంచు అందనంత మందం గోడలు, ఎత్తయిన తలుపులు, టేకు దూలాల మీద ఇటుకా సున్నం పేర్చిన మిద్దె, ముందు కమానుల వరండా. ఎవరు కట్టారంటే మాత్రం బార్ అసోసియేషన్ గదిలో ఎంతమంది ప్లీడర్లు ఉంటే అన్ని చరిత్రలు. ఒకాయన, గుర్రం మీద వచ్చిన దొర గుర్రం ఆగినచోట కట్టించాడంటాడు. ఇంకొకాయన, ఎవరో జమీందారు దావా ఓడిపోయి అవమానంతో స్థలం రాసిచ్చాడంటాడు. మరొకాయన, ఇది మొదట్లో ఉప్పు గిడ్డంగి అని నమ్ముతాడు. ముగ్గురూ ఎదుటివాళ్ల దగ్గర సాక్ష్యం లేదని వాదిస్తారు. ఆ మాటలో ముగ్గురూ నిజమే చెబుతున్నారు.

తలుపు పక్కన ఒక శిలాఫలకం ఉంది. దాని మీద అక్షరాలు ఉండేవి. మా శాఖ ఆ రాతిని కూడా వదలకుండా ఏటేటా రంగేసింది. సావనీరు వేస్తామంటూ ప్లీడర్లు చరిత్ర రాసిమ్మని నన్ను అడిగితే, ముందు ఆ ఫలకం గీకిద్దామన్నాను. గీకించాం. పచ్చరంగు, దాని కింద నీలం, దాని కింద గులాబీ. గులాబీ రంగు ఎవరి హయాందో అందరికీ గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నాం. అడుగున అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. కాబట్టి ఆ భవనం గురించి నేను రుజువుతో చెప్పగలిగిన చరిత్ర ఒక్కటే, ఏ ఆఫీసరుకు ఏ రంగు ఇష్టమో.

పెద్దసారు ఆధునికత

నా బాసుల్లో ఒకాయన్ని పెద్దసారు అంటాను. పేరు అనవసరం. కష్టపడే మనిషి, లంచం ముట్టడు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. ఆయనకున్న రెండే బలహీనతలు సిమెంటు, అల్యూమినియం. మాడుగుల హల్వా మూడోది, దానికి ఆయన్ని తప్పుపట్టలేం.

ఆయన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వచ్చిన కొత్తలో పాత కోర్టు చూసి నాతో, "బాషా గారూ, ఇదేమిటండీ, పురావస్తు శాఖకి వచ్చానా?" అన్నాడు. వెంటనే గోడల నిండా సిమెంటు పూత వేయించాడు. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండొస్తే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలికి పోయిన తడి బయటికి రాలేదు. ఈ సంగతి ఫైలులో రాసి ఆయనకే పెట్టాను. "చూశాను" అని సంతకం చేసి పంపాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి, పెచ్చులు ఊడి, గోడ చెమటలు కక్కడం మొదలెట్టింది.

తర్వాత వరండా వంతు వచ్చింది. కమానులన్నిటికీ అల్యూమినియం చట్రాలు, అద్దాలు, స్ప్రింగు తలుపు, లోపల ఏసీ. ప్లీడర్లు సంతోషించారు. ప్రారంభోత్సవం నాడు నేనూ చప్పట్లు కొట్టాను. ఉద్యోగంలో చప్పట్లు కూడా భాగమే.

ఆ వరండా ఎందుకుందో అప్పుడు మాలో ఒక్కరు కూడా ఆలోచించలేదు. అందరం అందం కోసమే అనుకున్నాం. దొరలకు కమానులంటే ఇష్టం కాబోలు అనుకున్నాం.

కోర్టులో పిలుపు అని ఒకటుంటుంది. కేసు వంతు రాగానే బంట్రోతు బయటికొచ్చి కక్షిదారు పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ రాకపోతే గైరుహాజరు కిందే లెక్క, కేసు కొట్టేసినా కొట్టేయొచ్చు. మా బంట్రోతు సన్యాసిరావు నడిమి కమాను కింద నిలబడి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని పిలిస్తే, ఆ గొంతు కమాను పైకప్పుకు తగిలి ఆవరణంతా పాకి, రోడ్డు అవతల టీకొట్టు దాకా వెళ్లేది. టీకొట్టు వాడు వినపడ్డ పేరును తన గొంతుతో ఇంకోసారి అందుకునేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. రోలుగుంట వైపు నుంచీ మాడుగుల వైపు నుంచీ వచ్చే పల్లె జనం వరండా ఎక్కరు. ఎవరూ వద్దనలేదు, బోర్డూ లేదు. పిలిస్తేగాని కోర్టు మెట్టు ఎక్కకూడదని వాళ్ల మర్యాద. పొద్దున్నే బస్సు దిగి, ప్రహరీగోడ నీడన చతికిలబడి, సద్ది విప్పుకుని, చెవి మాత్రం కోర్టు వైపు పెట్టి కూర్చుంటారు. లోపల చల్లగా ఉందని చెప్పినా రారు.

అద్దాలొచ్చాక సన్యాసిరావు స్ప్రింగు తలుపు తెరవబోతే లోపలి గుమస్తా కసిరేవాడు. "తలుపు తియ్యకురా, సల్లదనం పోతాది. అక్కడినుంచే పిలు." వాడు అద్దానికి ముక్కు ఆనించి అరిచేవాడు. అద్దం మీద ఆవిరి మాత్రం బాగా పట్టేది.

పైడమ్మ

రోలుగుంట దగ్గర ఒక శివారు ఊరి మనిషి పైడమ్మ. మొగుడు పోయాడు, ఉన్నది కొంచెం చెరుకు పొలం. పొలానికి పోయే బండిదారికి పక్క పొలంవాడు కంచె వేసేశాడు. చెరుకు నరుకుడుకొచ్చింది. బండి పోకపోతే ఏడాది కష్టం గట్టు మీదే ఎండిపోతుంది. దారి ఇప్పించమని దావా వేసింది.

ఒక వాయిదా నాడు తడి గోడలు చూడ్డానికి నేనూ కోర్టుకు వెళ్లాను. సాయంత్రం కోర్టు ముగిసి అందరూ పోతుంటే, నోట్లో ఆరిపోయిన అడ్డచుట్టతో ఒకావిడ నా దగ్గరకొచ్చింది. చేతిలో టేపు చూసి పెద్ద ఉద్యోగి అనుకుంది.

"బాబూ, నన్నెప్పుడు పిలుత్తారు?"

పేరడిగి లోపలికి వెళ్లి కనుక్కున్నాను. పొద్దున్నే పిలిచారు. ఆవిడ ప్లీడరుకి అదేరోజు అనకాపల్లిలో ఇంకో కేసు ఉంది. మూడు పిలుపులకీ ఎవరూ పలకలేదు. దావా కొట్టేశారు. ఆ మాటే వచ్చి ఆవిడకు చెప్పాను.

"అదేటి బాబూ? నాను ఈ గోడ కాడే కూకున్నాను. నీల్లకి కూడా లెగనేదు. నన్నెవులూ పిలవనేదు."

"పిలిచాడమ్మా, సన్యాసిరావు. లోపల్నుంచి."

"నోపల్నుంచి పిలిస్తే నోపలున్నోల్లకి ఇనపడతాది. నోపలున్నోల్లని పిలవడం ఎందుకు?"

నా సర్వీసులో ఎంతోమంది ఆఫీసర్లు నన్ను ప్రశ్నలడిగారు. అందరికీ ఏదో ఒక జవాబు రాసిచ్చాను. దీనికి మాత్రం చేతిలో టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను, సిగ్గేసింది. ఆవిడ చుట్ట పారేసి, రోలుగుంట బస్సుకి పరిగెత్తింది.

గైరుహాజరు

ఈలోగా పెద్దసారు సూపరింటెండింగ్ ఇంజినీరు అయ్యాడు. కొత్త కోర్టు భవనం మంజూరు కావాలంటే పాతది పనికిరాదని తేల్చాలి. జబ్బు అంటించినాయనే మరణ ధ్రువపత్రం రాయడానికి కారులో దిగాడు. కింది సంతకం నాది కావాలి.

గోడ మీద పెచ్చు ఒకటి వేలితో ఊడదీసి చూపిస్తూ, "చూశారా బాషా గారూ, పూర్తిగా శిథిలం. రాసెయ్యండి" అన్నాడు.

"అది మన పూతండి. కింద గోడ బాగానే ఉంది."

"మీకు సెంటిమెంటు ఎక్కువ."

"సెంటిమెంటు కాదండీ, సున్నం."

ఆయన నవ్వి, కారు దగ్గరికి వెళ్లాడు. మాడుగుల నుంచి తెప్పించిన హల్వా డబ్బా అక్కడే విప్పారు. నేను లోపలికి వెళ్లి కోర్టు హాల్లో వెనక బల్ల మీద కూర్చున్నాను.

ఆ రోజే పైడమ్మ తన దావా మళ్లీ తెరవమని వేసిన పిటిషను విచారణ. జడ్జి కొత్తగా వచ్చిన ఆవిడ, చిన్న వయసు, తక్కువ మాట్లాడే మనిషి. ఈసారి ప్లీడరు దగ్గరుండి పైడమ్మను లోపలికి తెచ్చాడు. ఎదుటి ప్లీడరు లేచి, "ఆమె ఆవరణలోనే ఉన్నానంటోంది. ఆవరణలో ఉంటే మూడు పిలుపులు వినపడవా? ఇది నమ్మదగ్గ మాటేనా?" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది.

జడ్జిగారు నా వైపు చూసి, "భవనం విషయం మాట్లాడాలి. మీ ఎస్ఈ గారు వచ్చారా?" అని అడిగారు.

"వచ్చారండి. ఆవరణలోనే ఉన్నారు."

నేను లేవబోతే చేత్తో ఆపి, "మీరు ఉండండి. సన్యాసిరావ్, పిలువు. రోజూ పిలిచినట్టే పిలువు" అన్నారు.

సన్యాసిరావు అద్దం దాకా వెళ్లాడు. గుమస్తా కళ్లు ఉరిమితే తలుపు తియ్యలేదు. పెద్దసారును హోదాతో సహా పూర్తి పేరుతో పిలిచాడు. అద్దంలోంచి అందరికీ కనిపిస్తూనే ఉంది. పెద్దసారు కారు బానెట్ మీద చెయ్యి ఆనించి హల్వా నోట్లో పెట్టుకుంటున్నాడు. రెండోసారి పిలిచాడు. పెద్దసారు వేళ్లు నాక్కున్నాడు. సన్యాసిరావు మెడ నరాలు ఉబ్బేలా మూడోసారి అరిచాడు. పెద్దసారు డ్రైవరుతో ఏదో జోకు చెప్పి నవ్వాడు.

జడ్జిగారు కలం తీసి, "మూడుసార్లు పిలవడమైనది. హాజరు కాలేదు" అన్నారు. కోర్టు హాల్లో ఒక్కడూ నవ్వలేదు, నవ్వు ఆపుకోలేక ఇద్దరు జూనియర్లు మాత్రం ఫైళ్లు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఎదుటి ప్లీడరు కూర్చున్నాడు. పైడమ్మ దావా ఆ పూటే మళ్లీ తెరిచారు. కోర్టు పని సక్రమంగా జరగాలంటే వరండా అద్దాలు తొలగించాలని మా శాఖకు కాగితం కూడా వచ్చింది.

భవనం పనికొస్తుందని నేను రాసిచ్చాను. అద్దాలు తీయించి, సిమెంటు గీకించి, సున్నం గచ్చు వేయించాను. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. చోడవరంలో బెల్లానికి కరువా? గోడకు చీమలు పడతాయని కొందరు బెంగపడ్డారు. ఆడిట్ వాళ్లకు వేరే బెంగ. కోర్టు మరమ్మతుకు బెల్లం ఎందుకు, అది ఎవరు తిన్నారో సంజాయిషీ చెప్పమన్నారు. గోడ తిన్నదని రాశాను. ఆ జవాబు వెటకారంగా ఉందని ఇంకో సంజాయిషీ అడిగారు.

అద్దాలు పోయాక పైడమ్మ మొదటి వాయిదా నాడు పని కల్పించుకుని మరీ వెళ్లాను. సన్యాసిరావు నడిమి కమాను కిందికి వచ్చాడు. గొంతు సవరించుకుని, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మొదటిసారి పిలిచాడు. ఆ పేరు చివరి అక్షరం ఇంకా కమానులో ఉండగానే గోడ పక్కనుంచి జవాబొచ్చింది.

"వత్తన్నాను బాబో! కాలు తిమ్మిరెక్కీసింది, ఉండు!"

ఈసారి కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా. సన్యాసిరావు మిగిలిన రెండు పిలుపులూ నోట్లోనే దాచుకున్నాడు. దారి మీద కంచె తీయమని కోర్టు తాత్కాలికంగా ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే కొంత చెరుకు ఎండింది. మిగతాది బండెక్కింది. నా సర్వీసులో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే ఆ బండి చెరుకు చూపిస్తాను, భవనం తర్వాతే.

నెల తిరక్కుండా నన్ను ఏజెన్సీకి, చలి కొండల్లోని పాడేరుకి బదిలీ చేశారు. పెద్దసారు స్వయంగా ఫోన్ చేసి, "అక్కడ గాలి బాగుంటుంది బాషా గారూ, మీ సెంటిమెంటుకి సరిపోతుంది" అన్నాడు. గాలి నిజంగానే బాగుంది. ఆయన చెప్పిన సాంకేతిక విషయాల్లో నేను పూర్తిగా ఒప్పుకున్నది అదొక్కటే.

సురేష్‌కి

పైడమ్మ పోయిందని విన్నాను. సన్యాసిరావు రిటైరయ్యాడు. ఇప్పుడు ఎవరో గుంట, కొత్తగా చేరిన ఆడపిల్ల, పిలుస్తోందట, సన్నగొంతు అట. ఆ కమాను కింద నిలబడితే సన్నగొంతు కూడా చాలు. ప్రహరీగోడ నీడ మాత్రం ఖాళీగా ఉండదు, పల్లె జనం ఇంకా మెట్టెక్కరు కాబట్టి.

హెరిటేజ్ అని బోర్డు పెడతారు, పెట్టనీ. శిలాఫలకానికి మళ్లీ రంగు వేస్తారు, దానికి అలవాటే. పావురాలు రెట్ట వేస్తాయి, కడిగించు. కానీ అద్దాల ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు వాయిదాలున్న రోజు చూసి, కమానులకు అట్టలు అడ్డం పెట్టించి, నువ్వెళ్లి ఆ గోడ పక్కన కూర్చో. నీ పేరు పిలవమని చెప్పు. ఫోను మాత్రం జేబులోంచి తియ్యకు.

ఇంతవరకు రాసి సురేష్‌కి పంపాను. నాలుగైదు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"కూర్చున్నానండి, సార్."

"వినపడిందా?"

"లేదండి. మా అటెండరొచ్చి భుజం తట్టి లేపేడండి. అద్దాలు వద్దని రాసి ఫైలు పైకి పంపించేసేనండి. మా సారుకి బాగా కోపం వచ్చింది. నన్ను ఎక్కడికి ఏసేస్తారో ఏటో."

"పాడేరే అయుంటుంది. స్వెట్టరుందా?"

"లేదండి."

"నాది బీరువాలో ఉంది. కొనకు, పంపిస్తాను."